సంజీవయ్య పేరు గేటుకి, బూడిద మన వాడకి

(కృష్ణపట్నం రేవు చుట్టుపక్కల పల్లెల దళిత, యానాది కార్యకర్తల సమావేశంలో మేం చేసిన ప్రసంగ పాఠం)



నేలటూరు థర్మల్ కేంద్రం గేటు మీద ఎవరి పేరుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. శ్రీ దామోదరం సంజీవయ్య. కర్నూలు జిల్లా పెదపాడులో మాల ఇంట పుట్టి, 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసినాయన. ఈ దేశంలో ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. ఆయన పేరు చెప్పగానే మన పెద్దోళ్లకి గుర్తొచ్చేది బంజర్ల పంపకం. లక్షల ఎకరాల సర్కారు బంజరుని భూమిలేని పేదలకి పట్టాలిచ్చాడాయన. అంటే మనోడు కుర్చీ ఎక్కితే భూమి మన దగ్గరికొచ్చింది. మనోడి పేరు గేటుకెక్కితే మాత్రం భూమి మన దగ్గర్నించి పోయింది. ఇదేం లెక్కో ఈ పూట కూర్చుని తేల్చుకుందామనే ఈ సమావేశం.

ఆ గేటు లోపల 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. రెండు 2015లో ఉత్పత్తికొచ్చాయి, మూడోదాన్ని 2022 అక్టోబరు 27న ముఖ్యమంత్రి వచ్చి జాతికి అంకితం చేసి పోయాడు. ఒక్క యూనిట్ నిండుగా తిరిగితే రోజుకి దాదాపు పది వేల టన్నుల బొగ్గు తింటుంది. మన దేశపు బొగ్గయితే దాంట్లో మూడో వంతుకి అటూ ఇటూగా బూడిదే. విదేశీ బొగ్గయితే బూడిద తక్కువ, ఖరీదు ఎక్కువ. ఇది సర్కారు కేంద్రం. దీనికి తోడు ముత్తుకూరు, తోటపల్లిగూడూరు మండలాల్లో సెంబ్‌కార్ప్, గాయత్రి కంపెనీలు కలిసి కట్టినవి రెండు, 2,640 మెగావాట్లవి. అవి 2023లో ఒమాన్ దేశపు కంపెనీల చేతికి మారాయి. తమ్మినపట్నంలో మీనాక్షి, సింహపురి. యజమానులు మారతా ఉంటారు, బోర్డులు మారతా ఉంటాయి. పొగ గొట్టం కింద ఉన్న పల్లె మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నేలటూరు, పల్లిచెర్లపాలెం జనం మమ్మల్ని ఇక్కణ్ణించి తరలించండయ్యా అని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. పుట్టిన ఊరు వదిలి పోతామని జనమే అడుగుతున్నారంటే అక్కడ బతుకు ఎట్లా ఉందో వేరే నివేదిక అక్కర్లేదు.

ఇది బొగ్గుతో మొదలైన కథ కాదు. ఈ తీరానికి ముందు 1990లలో రొయ్య వచ్చింది. నీలి విప్లవం అన్నారు. చెరువుల కింది పొలాలు, ఉప్పుకయ్యల పక్క నేలలు రొయ్యల గుంటలయ్యాయి. తాగే బావులు ఉప్పుదేలాయి. నాట్లకీ కోతలకీ పోయే మన ఆడోళ్లకి కూలి పోయింది. గుంటల మీద రాత్రి కాపలాకి యానాది అన్నల్ని పెట్టారు. 1996 డిసెంబరులో సుప్రీం కోర్టు, తీర నియంత్రణ మండలంలో ఉన్న రొయ్యల గుంటల్ని తీసెయ్యమని తీర్పిచ్చింది. 2005లో పార్లమెంటు చట్టం తెచ్చి ఆ తీర్పు పట్టు సడలించింది. తీర్పు వచ్చినప్పుడు మన వాడల్లో సంబరపడినోళ్లున్నారు, చట్టం వచ్చిన సంగతి తెలిసినోళ్లు మాత్రం వేళ్ల మీద లెక్క. తర్వాత 2008లో రేవు వచ్చింది. నవయుగ వాళ్లు కట్టారు, 2020, 2021లలో అదానీ వాళ్లు కొనుక్కున్నారు. రేవు వెనకాలే బొగ్గు వచ్చింది. 2024 మొదట్లో ఇక్కడికి కంటైనర్ల ఓడలు రావడం ఆగిపోయినప్పుడు కూడా బొగ్గు ఓడలు ఆగలేదు. శుభ్రంగా ఉండే సరుకు పోయి, మసి సరుకు మిగిలింది.

రాకుండానే పోయిందొకటుంది, దాన్నీ మరిచిపోకండి. 2007లో రిలయన్స్ పవర్‌కి ఇక్కడ 4,000 మెగావాట్ల మహా విద్యుత్ కేంద్రం కట్టే పని దక్కింది. దానికోసం వేల ఎకరాల సేకరణ జరిగింది. ఇండోనేషియా ప్రభుత్వం తన బొగ్గుని ఇక ప్రపంచ ధరకే అమ్మాలని రూలు పెట్టేసరికి, గిట్టదని 2011లో కంపెనీ పని ఆపేసింది. ఇండోనేషియాలో రూలు మారితే ముత్తుకూరు మండలంలో పని ఆగింది. అంత దూరం నుంచి నష్టం ఇంత తొందరగా నడిచొస్తుంది. నెల్లూరు కలెక్టరాఫీసు నుంచి మనకి రావలసిన పరిహారం మాత్రం ఇరవై మైళ్లు నడవడానికి పదేళ్లు తీసుకుంటుంది.

ఇప్పుడొక మాట గురించి నిదానంగా మాట్లాడుకుందాం. "మత్స్యకారేతరులు" అనే మాట. ఈ మాట మనకి పెట్టిన పేరు. రేవు వల్ల వేట దెబ్బతింది గనక మత్స్యకారులకి ప్యాకేజీ అన్నారు. పట్టపు సోదరులు పోట్లాడి తెచ్చుకున్నారు, అది వాళ్ల హక్కు, మనకి దాని మీద కన్ను లేదు. మరి మిగతా వాళ్ల సంగతేంటి అంటే, కాగితం మీద వాళ్లకి పెట్టిన పేరు మత్స్యకారేతరులు. అంటే ఫలానా వాళ్లు అని కాదు, ఫలానా వాళ్లు కాదు అని. కండలేరు ఉప్పుటేట్లో నడుంలోతు నీళ్లలో దిగి చేత్తో పీతలు పట్టే యానాది అమ్మ మత్స్యకారేతరురాలంట! గాలం వేసి, ఊత వేసి, పట్టిన చేపని ముత్తుకూరు సంతలో అమ్మి బియ్యం కొనుక్కునే మనిషి చేపలు పట్టేవాడు కాదంట! ఎందుకంటే కులం పత్రంలో ఆ మాట లేదు, పడవ లేదు, సొసైటీలో పేరు లేదు. మా మాలపల్లి వాళ్లు ఎండుచేపల తట్టలు మోశారు, ఉప్పు కొఠార్లలో ఉప్పు దోకారు, పడవలు ఒడ్డుకి లాగారు. వాళ్లూ ఇతరులే. మనువు కాలంలో ఊరికి ఇతరులం, ఇప్పుడు సముద్రానికి కూడా ఇతరులమయ్యాం.

సరే, ఇతరులకైనా ఏమిచ్చారు? అదే 2022 అక్టోబరు 27న, మూడో యూనిట్ అంకితం చేసిన రోజే, 16 వేల పైచిలుకు మత్స్యకారేతర కుటుంబాలకి సుమారు 36 కోట్ల రూపాయలు ఇస్తున్నామన్నారు. 36 కోట్లంటే చెవికి పెద్దగా వినిపిస్తుంది. కుటుంబానికి పంచండి. దాదాపు 22 వేలు. రేవు తెరిచింది 2008లో, డబ్బు పడింది 2022లో. పద్నాలుగేళ్లకి పంచండి. రోజుకి నాలుగు రూపాయల చిల్లర. ఇంటిల్లిపాదికీ కలిపి! టీ కొట్టులో సగం టీ కూడా రాదు. ఇచ్చింది తీసుకోవద్దని మేం అనటం లేదు, తీసుకోండి. పాతబాకీలో జమ వేసుకున్నామని చెప్పి తీసుకోండి. ముదరా మాత్రం చేసుకోకండి.

ఈ "ఇతరులు" అనే మాటని కోర్టులో నిలదీయడానికి మనకి ఆధారం ఉంది. 2013 భూసేకరణ చట్టం బాధిత కుటుంబం అంటే ఎవరో చెప్పేటప్పుడు కులాన్ని అడగదు, పనిని అడుగుతుంది. సేకరణకి ముందు మూడేళ్లుగా నీటి వనరుల మీద బతికే కుటుంబం ఏదైనా బాధిత కుటుంబమే. సెంటు భూమి లేకపోయినా ఆ పొలాల్లో కూలికి పోయేవాడు, కౌలు చేసేవాడు, పాలికి చేసేవాడు కూడా బాధిత కుటుంబమే. ఇది మనకి ఎవరూ దయతో రాసిందేం కాదు, దేశమంతా భూములు పోయిన జనం లాఠీదెబ్బలు తిని రాయించుకున్నది. మన వాడలో ఇది తెలిసినోళ్లు ఎంతమంది? తహశీల్దారు ఆఫీసులో తెలిసీ చెప్పనోళ్లు ఎంతమంది? అన్నట్టు ఈ చట్టానికి మన రాష్ట్రంలో 2018లో సవరణ చేశారు. పారిశ్రామిక కారిడార్లలాంటి కొన్ని రకాల ప్రాజెక్టులకి సామాజిక ప్రభావ అంచనా అక్కర్లేదనే వీలు దాంట్లో పెట్టారు. ఊళ్లో కూలోడెవరు, కౌలుదారెవరు, ఏట్లో బతికేదెవరు అని లెక్క తీసేది ఆ అంచనాలోనే. దాన్ని తీసేశారంటే పోయేది మోతుబరి పేరు కాదు, వాడి పేరు పాసుబుక్కులో ఉంటుంది. లెక్కలోంచి పోయేది మన పేరే.

ఇక డి.కె.టి. పట్టాలు. పేదలకి సర్కారిచ్చిన అసైన్డ్ భూమి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మకూడదు, కొనకూడదు. మనల్ని కాపాడ్డానికి పెట్టిన రూలు అది. కానీ ఆఫీసర్లు దాన్ని ఎట్లా చదివారో తెలుసా? నీకు అమ్మే హక్కు లేదు గనక అది నీది కాదు, సర్కారుది. సర్కారు భూమిని సర్కారు తీసుకుంటే పరిహారం ఏంటి? ఎక్స్‌గ్రేషియా అని ఇంత చేతిలో పెడతాం, పో! పక్కపక్కనే రెండు చేలు, రెండిట్లో వరే, ఒక చేనికి మార్కెట్టు ధర, ఇంకో చేనికి భిక్ష. గట్టు ఒకటే గానీ కులం రెండు. ఈ అన్యాయాన్ని 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం మేకల పాండు కేసులో కొట్టేసింది. ప్రజాప్రయోజనం పేరుతో అసైన్డ్ భూమిని తీసుకుంటే పట్టా భూమి యజమానితో సమానంగా మార్కెట్టు ధర, సొలేషియం ఇచ్చి తీరాలంది. పరిహారం లేకుండా వెనక్కి తీసుకుంటామని పట్టా కాగితంలో రాసుకున్న షరతు చెల్లదంది. రాసిపెట్టుకోండి: మేకల పాండు, 2004. ఆఫీసులో ఎక్స్‌గ్రేషియా అన్నవాడి ముందు ఈ పేరు గట్టిగా పలకండి. కొంతమంది ఆఫీసర్ల ముఖం రంగు మారడం మేం చూశాం.

2023లో ఇంకో సవరణ చేసి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూమిని అమ్ముకోవచ్చన్నారు. హక్కు వచ్చిందని మన వాళ్లలో కొందరు మురిశారు. అమ్ముకునే హక్కు నిజంగా హక్కే, కాదనం. కానీ రేవు పక్కన, కారిడారు పక్కన, అప్పుల్లో ఉన్న మనిషికి అమ్ముకునే హక్కు ఇస్తే ముందుగా వాడి గుమ్మంలోకి వచ్చేదెవరు? బ్రోకరు. కంపెనీ రాబోతున్న సంగతి మనకంటే ఆరు నెలల ముందే తెలిసినోడు. కాబట్టి హక్కు వచ్చిన చోట ముందు సంఘం ఉండాలి.

ఇప్పుడు కొత్త మాట: బొగ్గు పాతబడింది, ఇక ఎండతో కరెంటు, గాలితో కరెంటు. మంచిదే! బూడిద తిన్నవాళ్లకంటే ఎక్కువగా ఈ మాటకి సంతోషపడేవాళ్లెవరు? 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం క్లీన్ ఎనర్జీ విధానం తెచ్చింది. పది లక్షల కోట్ల పెట్టుబడి, ఏడున్నర లక్షల ఉద్యోగాలు అంది. ఆ ఏడున్నర లక్షల్లో మన వాటా ఎంత? రిజర్వేషన్ సర్కారు ఉద్యోగానికే గానీ కంపెనీ ఉద్యోగానికి లేదు.

ఎండ కరెంటు ఈ తీరానికి ఎట్లా వచ్చిందో కరేడుని అడగండి. ఉలవపాడు మండలం కరేడు. ఉలవపాడు మామిడి, సపోటా ఎరగనోళ్లు ఈ తీరంలో లేరు. నీళ్లున్న నేల, పైరు పచ్చగా ఉండే నేల. సోలార్ ప్యానెళ్లు చేసే ఇండోసోల్ అనే కంపెనీకి మొదట రామాయపట్నం రేవు పక్కన చోటు చూపించారు. తర్వాత అక్కడికి పెట్రోలు శుద్ధి కర్మాగారం వస్తుందని చెప్పి, ఈ కంపెనీని కరేడు వైపు జరిపారు. ఎనిమిది వేల ఎకరాలకి పైగా కావాలన్నారు. రెండు కంపెనీలు చోటు సర్దుకోవడానికి నలిగేది ఊరా? 2025 జూన్ చివర్లో కరేడు జనం జాతీయ రహదారి మీద కూర్చున్నారు. రైతులు, దళితులు, యానాదులు, మత్స్యకారులు అందరూ కలిసి. జూలైలో గ్రామసభ పెడితే మా భూములు ఇవ్వం అని మొహాన చెప్పారు. వాళ్లకి ఇక్కణ్ణించి జై భీమ్ చెబుదాం.

అయితే కరేడు గురించి మన వాళ్లకి ఒక జాగ్రత్త చెప్పాలి. భూమి ఉన్నవాడి పోరాటం, భూమిలేని వాడి పోరాటం ఒకే రోడ్డు మీద కూర్చున్నా ఒకటే కాదు. ఎకరానికి ధర పెంచితే పెద్ద రైతుల్లో కొందరు లేచి పోవచ్చు. కూలోడికి ఎకరం లేదు, ధర పెరిగితే వాడికి ఏం పెరుగుతుంది? అందుకే జెండా కలిసి పట్టుకుందాం, కోర్కెల కాగితం మాత్రం మనది మనం రాసుకుందాం. కూలి దినాల నష్టం, కౌలు నష్టం, మేత పోరంబోకు నష్టం, శ్మశానం దారి. అవును, శ్మశానం దారి! అదేదీ ఏ మ్యాపులోనూ ఉండదు, మ్యాపు గీసినోడి తాత ఆ దారిన పోలేదు గనక.

బొగ్గు మీద కేంద్రం 2010 నుంచి క్లీన్ ఎనర్జీ సెస్సు వసూలు చేసింది. టన్నుకి 50 రూపాయలతో మొదలెట్టి 2016 నాటికి 400 చేసింది. బొగ్గు వల్ల జరిగే కీడుకి బొగ్గు మీదే పన్ను, ఆ డబ్బుతో శుభ్రమైన కరెంటు. వినడానికి న్యాయంగానే ఉంది. 2017 దాకా వసూలైంది సుమారు 86 వేల కోట్లు. ఆ పని కోసం పెట్టిన నిధికి చేరింది 30 వేల కోట్లకి లోపే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక ఆ 400 పేరు మార్చుకుని, రాష్ట్రాల పన్ను నష్టం పూడ్చడానికి పోయింది. 2025 సెప్టెంబరులో ఆ సెస్సునీ ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతం చేశారు. ఈ పదిహేనేళ్లలో బొగ్గు దిగిన రేవుకి, బొగ్గు కాలిన ఊరికి ఇందులో ఇంత భాగం అని ఒక్క లైను చట్టంలో రాయలేదు. గనులున్న చోట 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. తవ్విన ఊరికి కొంతైనా పేరుంది, కాల్చిన ఊరికి పేరు కూడా లేదు. 2021 డిసెంబరు బూడిద నోటిఫికేషన్ ప్రకారం వాడకుండా వదిలేసిన బూడిదకి టన్నుకి వెయ్యి రూపాయల జరిమానా. అది ఎవరి ఖాతాకి? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఖాతాకి. బూడిద పడేది మన కంచంలో, జరిమానా పడేది ఢిల్లీలో.

ప్రపంచంలో బొగ్గు మానుకుంటున్న దేశాలు ఏం చేశాయో చూడండి. జర్మనీ 2020లో బొగ్గు ఆపే చట్టం చేసినప్పుడే ఆ ప్రాంతాలకి 40 వందల కోట్ల యూరోల దాకా సాయం చట్టంలోనే రాసుకుంది. అక్కడ కార్మికుల సంఘాలు గట్టివి గనక రాయించుకున్నాయి. దక్షిణాఫ్రికాకి 2021లో ధనిక దేశాలు 850 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి, ఎక్కువ భాగం అప్పుగా. 2022 అక్టోబరులో అక్కడ కొమాటి అనే బొగ్గు కేంద్రం మూసేశారు. కాంట్రాక్టు కూలీలు, కేంద్రాన్ని ఆనుకుని కూడూ టీ అమ్ముకునే నల్లవాళ్లు ముందు వీధిన పడ్డారు. పొగ ఆగింది, పొయ్యీ ఆగింది. రేపు ఇక్కడ గొట్టం ఆగిననాడు పర్మినెంటు ఉద్యోగికి బదిలీ ఉంటుంది. బూడిద ఎత్తే కాంట్రాక్టు కూలోడికి ఏముంటుంది? గేటు పాసు వెనక్కిచ్చి పొమ్మంటారు. కనుక గొట్టం ఆగకముందే అడగాలి.

సర్కారు కేంద్రాన్ని ప్రైవేటుకి అప్పజెబుతామని 2021లో తలపెట్టినప్పుడు ఉద్యోగులు ఉద్యమించారు. మన వాళ్లలో కొందరు, అది సర్కారుదైతే ఏంటి, ప్రైవేటుదైతే ఏంటి, బూడిద ఒకటే కదా అన్నారు. కోపంలో అన్న మాట, అర్థం చేసుకోదగిందే. కానీ ఒకటి గుర్తు పెట్టుకోవాలి. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో సభ్యుడిగా ఉన్నప్పుడు కార్మిక శాఖతో పాటు నీటి పారుదల, కరెంటు కూడా ఆయన చేతిలోనే ఉన్నాయి. మనకి రాజ్యాంగం రాసిన అంబేద్కర్ తెలుసు, కరెంటు అంబేద్కర్ తెలియదు. దేశానికి చవగ్గా, పుష్కలంగా కరెంటు కావాలంటే అది ప్రైవేటు లాభానికి వదిలితే రాదు, ప్రభుత్వం చేతిలో ఉండాలని ఆయన ఆ రోజుల్లోనే వాదించాడు. 1947లో రాజ్యాంగ సభకి రాసిచ్చిన పత్రంలో కీలక పరిశ్రమలు, భూమి ప్రభుత్వానివిగా ఉండాలన్నాడు. ప్రభుత్వ కేంద్రంలో మనకి రోస్టరుంది, సమాచార హక్కుంది, ఎమ్మెల్యేని నిలదీసే దారుంది. ఒమాన్లో ఉండే యజమానిని ఏ దారిలో నిలదీస్తాం? అందుకని మన మాట ఇది: కేంద్రం ప్రభుత్వానిదే ఉండాలి, దాని బూడిదకి ప్రభుత్వమే బాధ్యత పడాలి. మొదటి సగం ఒప్పుకుని రెండో సగం మర్చిపోయే ఉద్యోగ సంఘాల నాయకులకి కూడా ఇది చెప్పండి.

ప్రజాభిప్రాయ సేకరణ సభలు మళ్లీ వస్తాయి. 2006 నోటిఫికేషన్ ప్రకారం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. సభ చివర్లో, మనం చెప్పినవన్నీ రాసుకుని మన భాషలో చదివి వినిపించాలి. అది చదివేదాకా ఎవరూ లేవకండి. సాంబారన్నం పొట్లాలు పంచేది సరిగ్గా అప్పుడే, జాగ్రత్త! 1992లో దూబగుంట ఆడోళ్లు సారా పాటలు ఆపింది పెద్ద చదువులు చదివి కాదు, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని, పాట జరిగే చోటికి పోయి లేవకుండా కూర్చుని. ఆ జిల్లానే మనది.

ఎస్సీ, ఎస్టీలెవరైనా ప్రాజెక్టుకి భూమి పోగొట్టుకుంటే, పోయినంత భూమి గానీ రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది ఇవ్వాలని 2013 చట్టం రెండో షెడ్యూలులో ఉంది. ఇంటికో ఉద్యోగం, లేదంటే ఐదు లక్షలు, లేదంటే ఇరవై ఏళ్ల పాటు నెలకి రెండు వేలకి తగ్గకుండా భత్యం కూడా ఉంది. ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టేస్తే ఇవన్నీ ఒకే మొత్తంలో కలిపేసి చేతులు దులుపుకునే వీలు 2018 సవరణలో ఉంది. అందుకని ఎవరు ఏ కాగితం తెచ్చినా, స్వీట్లు పెట్టి తెచ్చినా, సంఘంలో చదివించకుండా వేలిముద్ర వెయ్యకండి.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకి ఇదే చోట కూర్చుందాం. డి.కె.టి. పట్టా ఉన్నవాళ్లు అసలుతో పాటు జిరాక్సు తెండి, అడంగల్, ఒన్-బి నకళ్లు మీ సేవలో తీయించండి. పట్టా చెదలు తినేసినవాళ్లు సర్వే నంబరైనా చెప్పండి, పాత రికార్డు మేం తీయిస్తాం. ఏట్లో పీతలు, చేపలు పట్టే కుటుంబాల జాబితా వాడ వాడా రాయాలి. ఎన్నేళ్లుగా పడుతున్నారు, ఎక్కడ అమ్ముతారు, ఎవరు కొంటారు అన్నీ రాయాలి. కొన్న వ్యాపారి చేత సంతకం పెట్టించగలిగితే ఇంకా మంచిది. చదువుకున్న పిల్లలు ఒక్కో వాడకి ఇద్దరు కావాలి, ఒకరు తప్పకుండా ఆడపిల్ల ఉండాలి. ఏటికి పోయే అమ్మలు మగపిల్లాడి ముందు సగమే చెబుతారు.